సూక్ష్మజీవుల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



విద్యార్థులకు ఉపయోగపడు శాస్త్రవిషయ మొకటి చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరినారు. నేను జమాఖర్చులు వ్రాయువాడను, తీరికవేళల కావ్యములు చదువుకొనువాడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినను మన గ్రంథాలయములోని పుస్తకములవలన గ్రహించినంతవరకు సూక్ష్మజీవశాస్త్రమును గూర్చియు, దాని ఆధారముతో పెరిగిన జీవసాంకేతిక శాస్త్రమును గూర్చియు కొన్ని మాటలు మనవి చేసెదను. పిల్లలకు ఇవి పాఠములలో వచ్చు విషయములే. ఆ పాఠమునకును మన వంటయింటికిని, మన పొలమునకును గల సంబంధమును చూపుటయే నా ప్రయత్నము.

వానకాలమున పుస్తకముల అట్టలపై బూడిదరంగు పొర వ్యాపించుట మనమందరము చూచుచునే యున్నాము. దానిని బూజు అందుము. అది మురికి కాదు, ఒక జీవి. తేమ తగిలిన కాగితమును, అట్టకు పూసిన జిగురును తిని పెరుగును. అట్టి బూజులలో ఒకదానినుండియే లక్షలాది ప్రాణములను నిలిపిన ఔషధము పుట్టినది. ఒకచోట పుస్తకమును తినునది, వేరొకచోట మనిషిని బ్రతికించుచున్నది. కావున ఈ జీవులను కేవలము శత్రువులనుటయు తప్పు, కేవలము మిత్రులనుటయు తప్పు. వాని ఖాతాలో మనకు జమ యెంత, ఖర్చెంత అని తెలిసికొనవలెను.

ముందుగా ఈ జీవులెవ్వరో చూతము. కంటికి విడిగా కానరానంత చిన్నవైన ప్రాణులకు సూక్ష్మజీవులని పేరు. వానిలో బాక్టీరియాలు కలవు. ఇవి ఒకే కణముతో కూడినవి. బూజులును, పిండిని పులియజేయు ఈస్ట్‌లును శిలీంధ్రములను తెగకు చెందినవి. చలిజ్వరమును కలిగించు మలేరియా క్రిమి వంటి ఏకకణ ప్రాణులు మరియొక తెగ. నీటిని పచ్చబరచు సూక్ష్మమైన నాచులు ఇంకొక తెగ. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక భాగమునకు మైక్రానని పేరు. సామాన్యముగా బాక్టీరియా మందము ఒక మైక్రానుకు అటునిటుగా నుండును. అనగా వేయింటిని ప్రక్క ప్రక్కన నిలిపిన గాని ఒక మిల్లీమీటరు నిండదు.

వైరసు వీనికంటెను చిన్నది. అది తనంతట తాను పెరుగలేదు. మరియొక జీవి కణములో ప్రవేశించి, ఆ కణములోని సామగ్రితోనే తన ప్రతులను వ్రాయించుకొనును. ఇంట దిగి, ఇంటివారి బియ్యముతో, ఇంటివారి చేతనే వంట చేయించుకొని, తుదకు ఇంటినే పడగొట్టు అతిథి వంటిదన్నమాట. బాక్టీరియా వేరు, వైరసు వేరు అను భేదమును విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఈ ప్రపంచమును తొలుత చూచినవాడు పెద్ద పండితుడు కాడు. హాలెండు దేశమున డెల్ఫ్ట్ అను పట్టణమందు ఆంటన్ వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడుండెను. అతడు విశ్వవిద్యాలయమున చదువలేదు. నాటి పండితుల భాషయైన లాటిను నెరుగడు. గాజును తానే అరగదీసి చిన్న కటకములను చేసికొని, వానితో కంటబడిన వస్తువునెల్ల చూచుచుండెడివాడు. 1674వ సంవత్సరమున ఒక సరస్సు నీటిబొట్టును చూడగా, అందు చిన్న ప్రాణులు తిరుగాడుచుండెను. 1683లో తన పంటిపాచిని తీసి చూడగా, అందును ప్రాణులే కనిపించినవి. చూచినదానిని చూచినట్లు లండనులోని రాయల్ సొసైటీకి తన మాతృభాషలోనే జాబులు వ్రాసెను. శాస్త్రమునకు కావలసినది మొదట కుతూహలము, పిదప ఓపిక, ఆపైన సత్యము. డిగ్రీ తరువాతి సంగతి.

ఇంత చిన్న జీవులకు అంత బలమెట్లు వచ్చినది? ఇక్కడ నా వృత్తి కొంత అక్కరకు వచ్చును. అనుకూలమైన వేడిమియు, తేమయు, ఆహారమును దొరికినచో కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. గంటకు 8. రెండు గంటలకు 64. మూడు గంటలకు 512. అయిదు గంటలకు 32,768. రాత్రి తొమ్మిది గంటలకు మూత పెట్టక వదలిన కూరలో అట్టిది ఒక్కటి పడినదనుకొనుడు. అదే వేగమున పెరిగినచో ఉదయము ఏడు గంటలకు లెక్క 107 కోట్ల 37 లక్షల 41 వేల 824. చక్రవడ్డీ ఎంతటి వానినైనను ముంచునని మన పెద్దలకు తెలియును. ఇది ఇరువది నిమిషములకు నూటికి నూరు వడ్డీ. అయితే ఆహారము తరిగినపుడును, తాము విడిచిన ఆమ్లము తమకే అడ్డమైనపుడును ఈ పెరుగుదల ఆగును. లేనియెడల భూమియంతయు వానితోనే నిండియుండెడిది.

ఇక జమవైపు చూతము. తల్లులారా! మీరు ప్రతి రాత్రియు గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేయుదురు. ఆ చెంచాడు పెరుగులో కోట్లకొలది బాక్టీరియాలున్నవి. అవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. ఆమ్లము చేరగనే పాలలోని మాంసకృత్తు పేరుకొని పెరుగగును. పాలు మరీ వేడిగా నున్నచో తోడులోని జీవులు చచ్చును. మరీ చల్లగా నున్నచో మందగించును. చలికాలమున గిన్నెకు గుడ్డ చుట్టి ఉంచుట అందులకే. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగుటయు ఇట్టి జీవుల పనియే. అవి విడిచిన కార్బన్ డయాక్సైడు వాయువు పిండిలో చిక్కుకొని దానిని గుల్లబరచును. ఆవకాయలో ఉప్పు దండిగా వేయుటకు కారణము దీనికి విరుద్ధమైనది. ఉప్పు సూక్ష్మజీవుల ఒంటిలోని నీటిని బయటికి లాగి వానిని పెరుగనీయదు. మన అవ్వలకు జీవుల పేర్లు తెలియవు. కాని వానిని ఎప్పుడు పిలువవలెనో, ఎప్పుడు తలుపు మూయవలెనో తెలియును.

పొలమునకు పోదము. పిల్లిపెసరనో, వేరుసెనగనో, జీలుగనో వేరుతో పెరికి చూచినచో వేళ్లపై చిన్న బుడిపెలు కనిపించును. పని చేయుచున్న బుడిపెను కోసినచో లోపల లేత ఎరుపుగా నుండును. అందు రైజోబియము తెగకు చెందిన బాక్టీరియాలు కాపురముండును. గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు నత్రజని కలదు. కాని ఏ మొక్కయు దానిని గాలినుండి నేరుగా తీసికొనలేదు. ఈ జీవులు దానిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును. మొక్క తాను చేసికొన్న చక్కెరలో వానికి పాలు పెట్టును. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఈ బాక్టీరియాలను విడదీసి పెంచి చూపెను. పచ్చిరొట్ట వేసి దున్నినచో భూమికి బలమను మన రైతుల మాటకు ఇదియొక మూలకారణము. నేడు రైజోబియమును కర్మాగారములలో పెంచి, విత్తనమునకు పట్టించుటకు పొట్లములుగా అమ్ముచున్నారు. జీవిచేత మనకు కావలసిన పనిని తెలిసి చేయించుకొనుటయే జీవసాంకేతికము. కావున ఆ శాస్త్రము పేరు క్రొత్తది గాని పని పాతదే.

ఖర్చువైపు చూడకతప్పదు. పదార్థము చెడినపుడు అందులో ప్రాణులు తమంతట తామే పుట్టునని పూర్వము పలువురు నమ్ముచుండిరి. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ హంస మెడవలె వంగిన గొట్టము గల గాజుబుడ్డిలో రసమును మరిగించి ఉంచెను. గాలి లోనికి పోవుచునే యున్నది. కాని గాలిలోని దుమ్ము వంపులో నిలిచిపోయినది. రసము చెడలేదు. బుడ్డిని వంచి రసమును ఆ దుమ్మునకు తగిలింపగా కొలది కాలములోనే చెడినది. చెడగొట్టునది గాలి కాదనియు, గాలితో వచ్చిన జీవియనియు ఇట్లు తేలినది. అతడు మొదలుపెట్టిన మితమైన కాచుటయే నేడు పాల డబ్బాలపై కనిపించు పాశ్చరైజేషను.

జర్మనీలో రాబర్ట్ కోహ్ ఏ రోగమునకు ఏ క్రిమి కారణమో నిరూపించు పద్ధతిని ఏర్పరచెను. 1882 మార్చి 24వ తేదీన క్షయ క్రిమిని లోకమునకు చూపెను. 1884లో మన కలకత్తాకు వచ్చి, కలరా వ్యాపించినచోట ఒక చెరువు నీటిలో ఆ రోగపు క్రిమిని కనుగొనెను. త్రాగునీటిని కాచుకొనుడని నేడు మనము చెప్పు మాట వెనుక ఆ చెరువున్నది. ఈ పరిశోధనలకు ఒక గృహిణి చేసిన సాయమును చెప్పక విడువరాదు. క్రిములను పెంచుటకు వాడు జిలాటిన్ వేసవిలో కరగిపోవుచుండెను. కోహ్ వద్ద పనిచేయు వైద్యుని భార్య ఫానీ హెస్సె, తాను వంటలో వాడు అగర్ అను సముద్రపు నాచు పదార్థమును వాడి చూడుడని చెప్పెను. అది వేడికి చెదరలేదు. నేటికిని ప్రపంచమందలి ప్రయోగశాలలలో క్రిములను అగర్ మీదనే పెంచుచున్నారు.

మన సికిందరాబాదుకును ఈ చరిత్రలో స్థానము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. చలిజ్వరము చెడుగాలివలన వచ్చునను భ్రమ దానితో తొలగుటకు దారి యేర్పడినది. రోగమును మోయునది దోమ యని తెలిసిన పిదపనే నిలువనీటిని పూడ్చుట వైద్యములో భాగమైనది.

ఇక ముందు చెప్పిన బూజు సంగతి. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బాక్టీరియాలను పెంచుచున్న పళ్లెములో ఒక బూజు పడినది. దానిచుట్టు బాక్టీరియాలు కరగిపోయినవి. ఆ బూజు విడిచిన పదార్థమునకు పెనిసిలిన్ అని పేరు పెట్టెను. ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞులు 1940 ప్రాంతమున దానిని మందుగా రూపొందించిరి. ముగ్గురకును 1945లో నోబెల్ బహుమానము లభించినది. పిమ్మట శాస్త్రజ్ఞులు మట్టివైపు చూచిరి. తొలకరి జల్లు పడగానే లేచు మట్టివాసన మనకెల్లరకును ప్రియము. ఆ వాసనలో స్ట్రెప్టోమైసిస్ అను నేలజీవుల పాలు చాల కలదు. ఆ తెగ జీవులనుండియే 1943లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ లభించినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండగా, ఆయన ఆధ్వర్యమున డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిజీవి యొకదానినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్లను మందుల వరుసలో అదియే మొదటిది. ఆ యేడే సుబ్బారావు కన్నుమూసెను.

ఇట్లు ఒక సూక్ష్మజీవిని మరియొక సూక్ష్మజీవిపై ప్రయోగించుట నేర్చినాము. తరువాతి మెట్టు, జీవికి మనమే క్రొత్త పని నేర్పుట. అది తెలియుటకు జన్యువు అననేమో తెలియవలెను. సామాన్యముగా ప్రతి కణములోను డీ.ఎన్.ఏ. అను పొడవైన పోగు కలదు. దాని నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అనువారు ప్రకటించిరి. మన తెలుగు వర్ణమాలకు ఏబదియారు అక్షరములు, ప్రకృతి డీ.ఎన్.ఏ.లో నాలుగే అక్షరములతో సమస్త జీవుల పుట్టుకను వ్రాసినది. ఆ వ్రాతలో ఒక్కొక్క ఆజ్ఞకు జన్యువని పేరు. ఈ లిపి చదువుటలో పాల్గొన్న హరగోవింద ఖొరానా అవిభక్త భారతదేశమున జన్మించినవాడు. 1968లో మరి యిద్దరితో కలసి నోబెల్ బహుమానము నందెను.

వ్రాత చదువ వచ్చిన తరువాత, ఒక గ్రంథములోని పద్యమును మరియొక గ్రంథములో చేర్చుట సాధ్యమైనది. డీ.ఎన్.ఏ.ను తగినచోట కత్తిరించు ఎంజైములు బాక్టీరియాలలోనే దొరికినవి. 1973లో కోహెన్, బోయర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక జీవి జన్యువును మరియొక జీవిలో అతికి పని చేయించిరి. దీని ఫలము మధుమేహ రోగులకు దక్కినది. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ కనుగొన్న ఇన్సులినును చాలకాలము పశువుల, పందుల క్లోమగ్రంథులనుండి తీయుచుండిరి. 1978లో మానవ ఇన్సులిన్ జన్యువును మన ప్రేగులలో వసించు ఇ. కోలై అను బాక్టీరియాలో చేర్చి, దానిచేతనే ఇన్సులినును చేయించిరి. 1982లో అది అమెరికాలో మందుగా అనుమతి పొందినది.

మన హైదరాబాదులోను ఇట్టి పని జరిగినది. కాలేయమును పాడుచేయు హెపటైటిస్-బి రోగమునకు శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో టీకా తెచ్చినది. జన్యువును అతికి భారతదేశమున చేసిన టీకాలలో అదియే మొదటిది. వైరసు పైతొడుగును చేయు జన్యువును మాత్రము ఈస్ట్‌లో చేర్చి ఆ తొడుగును చేయింతురు. అది పాము కాదు, కుబుసము మాత్రమే. కుబుసమును చూచిన దేహము పామును గుర్తుపట్టుట నేర్చుకొనును. టీకాల మహిమ యెంతటిదో తెలియుటకు ఒక్క మాట చాలును. ఊళ్లకు ఊళ్లను ఊడ్చిన మసూచికము భూమిపై లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

ఇంతవరకు చెప్పినది విని, మనుష్యుడు గెలిచినాడని తలపవలదు. తాటాకులపై కావ్యములను నకలు వ్రాయునపుడు లేఖకుని చేతిలో ఒక అక్షరము మారుచుండెడిది. పాఠాంతరము లట్లే పుట్టినవి. బాక్టీరియా రెండుగా చీలునపుడును తన వ్రాతను నకలు చేసికొనును. అరుదుగా ఒక అక్షరము మారును. అట్టి పాఠాంతరములలో ఒకటి మందును తట్టుకొను బలము నీయవచ్చును. అదిగాక బాక్టీరియాలు అట్టి జన్యువులను ఒకదానికొకటి అందించుకొనగలవు. మందు వాడినపుడు బలహీనములు చచ్చును, తట్టుకొన్నది మిగులును. పోటీలేని పొలములో ఆ మిగిలినది, ముందు చెప్పిన లెక్క ప్రకారము, పెరుగును. చాలీచాలని మోతాదులతో క్రిములను మందుకు అలవాటు చేయరాదని ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసమునందే హెచ్చరించెను.

ఆ హెచ్చరిక నిజమైనది. 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మరణములకు మందులకు లొంగని బాక్టీరియాలే ప్రత్యక్షకారణమని 2022లో ప్రకటితమైన అధ్యయనము అంచనా వేసినది. మన మాట చూతము. జలుబు చేయును. సామాన్యముగా జలుబు వైరసులవలన వచ్చును. యాంటీబయాటిక్ బాక్టీరియాలపై పని చేయును గాని వైరసుపై పని చేయదు. అయినను దుకాణమునకు పోయి, పేరు చెప్పి, రెండు మాత్రలు కొని వేసికొందుము. జలుబు తన గడువు తీరగా తగ్గును. మాత్ర తగ్గించెనని నమ్ముదుము. ఈలోగా మన ఒంటిలోని నిరపాయమైన బాక్టీరియాలలో కొన్ని ఆ మందును తట్టుకొనుట నేర్చును. కోళ్లకును, రొయ్యల చెరువులకును అవసరము లేకయే పోసిన మందు చేయునదియు ఇదియే. తుది ఆయుధముగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును పశువుల, కోళ్ల పెంపకములో వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధింపవలసి వచ్చినది.

పెద్దలారా! యాంటీబయాటిక్ ఒకరి సొమ్ము కాదు. అది ఊరి చెరువు వంటి ఉమ్మడి ఆస్తి. రాత్రివేళ ఒకడు తూము ఎత్తినచో వాని మడి ఒక్కటి తడియును, ఎండునది ఆయకట్టంతయు. తలనొప్పి మాత్రను వృథాగా మ్రింగినచో నష్టము మ్రింగినవానిది. యాంటీబయాటిక్‌ను వృథాగా మ్రింగినచో నష్టము రేపు పురుటింటనుండు తల్లికిని, పుట్టిన బిడ్డకును, శస్త్రచికిత్స జరుగు ముసలివానికిని వచ్చును. వారి ప్రాణము ఆ మందు పని చేయుటపైననే ఆధారపడియుండును.

కావున నా మనవి నాలుగు మాటలు. వైద్యుడు వ్రాయనిది యాంటీబయాటిక్ కొనవలదు. వ్రాసినపుడు ఆయన చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడుడు. క్షయకు వాడు మందులను ఒళ్లు తేలికపడినదని నడుమ ఆపుట మిక్కిలి ప్రమాదము. ఒకరికి వ్రాసిన మాత్రలను మిగిలినవని మరియొకరి కీయవలదు. చేతులు సబ్బుతో కడుగుకొనుడు, నీరు కాచుకొనుడు, పిల్లలకు టీకాలు వేయింపుడు. రోగమే రానిచో మందుతో పని యుండదు.

విద్యార్థులారా! ఇదంతయు నా మాటగా నమ్మవలదు. లీవెన్‌హుక్ చేసినట్లు మీ కనులతో చూడుడు. అందులకై కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా గ్రంథాలయమునకు ఒక సూక్ష్మదర్శని కొనుడు. నాలుగువందల రెట్లు పెంచి చూపునది చాలును. మన చెరువు నీటిబొట్టును, ఇడ్లీ పిండిని, బూజు పట్టిన రొట్టెముక్కను పిల్లలు దానిక్రింద పెట్టి చూచుకొందురు. చందాపుస్తకములో నా పేరు మొదట వ్రాసికొనుడు. కొన్న తరువాత బీరువాలో పెట్టి తాళము వేయక, ఆదివారములలో బల్లమీద పెట్టవలెనని మాత్రము కోరుచున్నాను.